కాకులు లేని చోటికి

మొదటి రోజు: కర్నూలు, ఎర్రగుడి, గుత్తి

మా మిద్దె మీద కాకులు తెల్లవారుజామున అయిదింటికే సభ తీరుస్తాయి. నేను చాప పరుచుకుని ధ్యానానికి కూర్చునేదీ అప్పుడే. ఇరవై ఏళ్ల క్రితం కర్నూలులో ఒక పిరమిడ్ ధ్యాన కేంద్రంలో పెద్దాయన ఒకరు చెప్పిన నాలుగు మాటలే నా పెట్టుబడి: కాళ్లు మడుచుకోవాలి, వేళ్లలో వేళ్లు కలపాలి, కళ్లు మూసుకోవాలి, శ్వాస మీద ధ్యాస పెట్టాలి. మొదటి మూడూ పట్టుబడ్డాయి. నాలుగోది మాత్రం మూడు శ్వాసలు దాటదు. ఒక కాకి అరుస్తుంది, దానికి ఇంకొకటి జవాబిస్తుంది, రెండింటి మధ్య తగాదా ఏమై ఉంటుందా అని నేను ఆలోచనలో పడతాను.

అందుకే యాగంటి. అగస్త్యుడు అక్కడ తపస్సు చేస్తుంటే కాకాసురుడు అల్లరి పెట్టాడట. ఆ కోపంతో ముని శపించాడని, అప్పటినుంచి ఆ కొండల్లో కాకి అడుగుపెట్టదని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథ. నాలుగు రోజులు సెలవు పెట్టాను.

కర్నూలు నుంచి నేరుగా వెళ్తే పూట పని. నేను గుత్తి, తాడిపత్రి, బేలుం చుట్టి వెళ్లేలా దారి వేసుకున్నాను. పాత భిక్షువులు తిరిగిన చోట్లు చూడాలన్నది పైకి చెప్పుకున్న కారణం. అసలు సంగతి, నంద్యాల వైపు వెళ్తే మా మేనత్త ఊరు తగులుతుంది. పోయిన వారం ఆమె ఫోన్ చేసి, "యాగంటి చూసి పదేళ్లయింది, ఎప్పుడైనా వెళ్తే నన్నూ తీసుకుపో" అంది. మోకాళ్ల నొప్పులతో ఆమె, ఆపకుండా సాగే ఆమె మాటలు, మధ్యలో నా ధ్యానం కళ్లకు కట్టాయి. "ఆఫీసులో ఆడిట్ ఉందత్తా, ఈ నెల కదలలేను" అన్నాను.

పత్తికొండలో బస్సు మారాను. తొలకరి పడి వారమైంది. తుగ్గలి దాటాక ఎర్రచేలలో ఎటు చూసినా మనుషులే, విత్తడానికి వచ్చినవాళ్లు కాదు. నడుము వంచి, నేల మీదనుంచి చూపు ఎత్తకుండా నడుస్తున్నారు. వాన మట్టిని కడిగాక జొన్నగిరి చుట్టుపక్కల వజ్రాలు బయటపడతాయని ఏటా ఇదే తిరునాళ్ల. నా పక్కసీటులో ఒకావిడ అన్నం క్యారియరు, ఒక చిన్న కర్ర పట్టుకుని కూర్చుంది. మూడేళ్లుగా వస్తోందట. "వజ్రమని ఎలా గుర్తుపడతారు?" అని అడిగాను. "మెరిసిన ప్రతి రాయినీ ఎత్తి చూడడమేనమ్మా. చూడకుండా వదిలేస్తే రాత్రి నిద్ర పట్టదు" అంది.

ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటివి. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, వాటితోపాటు చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్నాయి. చిన్న శాసనంలో ఒక వింత ఉంది. బ్రాహ్మి లిపిని ఎడమనుంచి కుడికి రాస్తారు కదా, ఇక్కడ కొన్ని పంక్తులు మాత్రం కుడినుంచి ఎడమకు నడుస్తాయి, మడక సాలు చివర ఎద్దులను తిప్పి మళ్లీ ఇటు దున్నుకొచ్చినట్టు. చెక్కినవాడు ఎందుకలా చేశాడో గానీ, నాకు ఆ రాయి వదిలి రావాలనిపించలేదు.

కాస్త ఎడంగా నీడ చూసుకుని కూర్చున్నాను. లెక్క కోసం ఇంటినుంచి ఇరవై చింతగింజలు తెచ్చుకున్నాను. మనసు శ్వాసను వదిలి వెళ్లిందని తెలిసిన ప్రతిసారీ ఒక గింజ కుడిచేతినుంచి ఎడమచేతికి మార్చాలి. అరగంటలో పది మారితే గొప్ప అనుకున్నాను. పన్నెండు నిమిషాలకే ఇరవయ్యీ అయిపోయాయి. గ్యాసు కట్టేశానా, పాలవాడికి వద్దని చెప్పానా, ఆ క్యారియరు ఆవిడకు ఈరోజు రాయి దొరికిందా, అత్తకు ఎవరైనా చెబుతారా, గ్యాసు కట్టేశానా. పళ్లు బిగపట్టి ఇంకో అరగంట కూర్చున్నాను. లేచేసరికి దవడలు నొప్పి, తల దిమ్ము, చీమ కుట్టిన చోట దద్దురు.

రాత్రి గుత్తిలో లాడ్జి. పడుకున్నా పాదం ఆడుతూనే ఉంది. యోగసూత్రాలు రాసిన పతంజలి ఈ అవస్థకు పేరు కూడా పెట్టాడు, అంగమేజయత్వమని. మనసు చెదిరినప్పుడు దుఃఖం, దిగులు, తీరుతప్పిన ఊపిరితోపాటు ఒళ్లు అదరడం కూడా వెంట వస్తుందన్నాడు. రెండువేల ఏళ్ల కిందటివాళ్లకూ కాలు ఆడేదన్నమాట. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చి కాస్త ఊరట కలిగింది. చెట్టు మీద పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనిపించడం లేదన్న అర్జునుడే గీతలో, మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టమని మొరపెట్టుకున్నాడు. బాణం వేయడానికి పనికొచ్చిన ఏకాగ్రత కూర్చోవడానికి పనికిరాలేదు.

రెండో రోజు: తాడిపత్రి, బేలుం

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇది తిని ధ్యానం చేయాలనుకోవడం సాహసమే, అయినా ఈ దారిలో దాన్ని కాదని ఇడ్లీ తినడం అపచారం.

తాడిపత్రి చేరకముందే బండల కోత యంత్రాల రొద మొదలైంది. నల్లబండ, పలకబండ, ఎక్కడ చూసినా నిలబెట్టిన పలకలు, తెల్లటి దుమ్ము. బస్టాండులో కొలిమిగుండ్ల బస్సు కోసం గంటసేపు నిలబడాల్సి వచ్చింది. కూర్చోవడానికి చోటు లేక నిలబడే శ్వాస గమనించబోయాను. కుదరలేదు, కానీ అప్పుడే ఒక పాత పాఠం తట్టింది. బుద్ధుడి బోధలున్న సుత్తాలలో నిప్పు పోలిక ఒకటుంది. చిన్న మంటను పెంచాలంటే ఎండుగడ్డి, ఎండు పిడకలు వేస్తారు. పెద్ద మంటను ఆర్పాలంటే తడిగడ్డి, తడిపేడ వేసి నీళ్లు, మన్ను చల్లుతారు. మనసు మందగించినప్పుడు పట్టుదల, పరిశీలన, ఉత్సాహం కావాలి. మనసు ఎగిరెగిరి పడుతున్నప్పుడు అవే ఎండుగడ్డి అవుతాయి. అప్పుడు కావలసినవి నెమ్మది, నిలకడ, ఉపేక్ష, అంటే ఎటూ మొగ్గని సమభావం. ఎరుక మాత్రం రెండు వేళలా ఉండాలి. నిన్న ఎర్రగుడిలో పళ్లు బిగించి నేను చేసింది మంట మీద కిరసనాయిలు పోయడమే.

బేలుం గుహల పొడవు 3,229 మీటర్లు. అందులో సందర్శకులు తిరిగేది సగానికి తక్కువే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. తర్వాత దాదాపు వందేళ్లు పట్టించుకున్నవారు లేరు. 1982, 83లలో జర్మన్ బృందం లోపల తిరిగి పటం గీసింది. పైన చూస్తే మామూలు చేను. నేలలో గొయ్యి, దానిలోకి మెట్లు. బయట ఎండ, లోపల ఉక్క. గాలి గొట్టాలు ఉన్నా చొక్కాలు తడిసిపోయే ఉక్క. మొదట్లోనే ధ్యానమందిరం అనే చోటు ఉంది. మంచం, తలగడ వేసినట్టు రాయి అమరి ఉంటుంది. పూర్వం భిక్షువులు ఉన్నారని చెబుతారు. ఇక్కడ దొరికిన బౌద్ధ అవశేషాలు అనంతపురం మ్యూజియంలో ఉన్నాయి.

ఒక వారగా కూర్చున్నాను. ఈసారి ధ్యాస ముక్కు కొన దగ్గర పెట్టలేదు. పిరుదులు, తొడలు రాతికి ఆనిన చోట పెట్టాను. మనసు ఎగురుతున్నప్పుడు తల దగ్గర కాపలా కాస్తే ఇంకా ఎగురుతుంది, కిందికి దించితే బరువు తెలుస్తుంది. దవడ వదులు చేశాను. లోపలికి వచ్చే గాలి జోలికి పోకుండా బయటికి వెళ్లే గాలిని మాత్రం కొద్దిగా సాగనిచ్చాను. లెక్క కూడా పెట్టాను. అయిదుకు తగ్గకూడదు, పదికి మించకూడదు అన్నాడు పాత బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు. అయిదులోపే ఆపితే ఇరుకు దొడ్డిలో తోలిన పశువుల్లా మనసు కొట్టుకుంటుంది, పది దాటితే శ్వాసను వదిలి అంకెను పట్టుకుంటుంది. ఆ పశువుల పోలిక రాసినవాడు మా సీమలో దొడ్డి చూసే ఉంటాడనిపిస్తుంది.

అంతలో ఏదో బడి పిల్లలు దిగారు. ప్రతివాడూ తన పేరు తానే గట్టిగా అరిచి గుహ చేత చెప్పించుకుంటున్నాడు. కోపం వచ్చింది. "శబ్దం" అని లోపల పేరు పెట్టుకున్నాను. మళ్లీ "శబ్దం". మూడోసారి "కోపం" అనాల్సి వచ్చింది. ఆశ్చర్యమేమిటంటే, పేరు పెట్టాక శబ్దం శబ్దంగానే మిగిలింది. వాళ్లకు పెంపకం నేర్పని తల్లిదండ్రుల మీద నేను రాయబోయిన మహాభారతం ఆది పర్వంలోనే ఆగిపోయింది. పావుగంటలో పదకొండు గింజలు.

పిల్లలు వెళ్లిపోయాక గుహ మొత్తం నిశ్శబ్దమైంది. నేను కోరుకున్నది ఇదే కదా. ఆ నిశ్శబ్దంలో పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా అత్త గొంతు: "పదేళ్లయింది, నన్నూ తీసుకుపో." మిగిలిన తొమ్మిది గింజలూ ఆ ఒక్క మాట మీదే పోయాయి.

పైకి వచ్చి చల్లటి సోడా తాగుతూ ఆలోచించాను. ధ్యానానికి అడ్డుపడేవాటిని బౌద్ధులు నీవరణాలంటారు. అవి అయిదు. వాటిలో నాలుగోది జంటపదం, ఉద్ధచ్చ కుక్కుచ్చం. మొదటిది మనసు ఎగిసిపడడం. రెండోది చేయకూడనిది చేశామనో, చేయవలసింది చేయలేదనో లోపల తొలిచే బాధ. రెండింటినీ ఎందుకు ఒకే ముడి వేశారో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. గాలికి అలలు లేచిన కుండనీళ్లలో ముఖం కనిపించదని దీనికి పోలిక చెబుతారు. బానిస బతుకుతో కూడా పోలుస్తారు, తనకు నచ్చిన చోటికి వెళ్లలేడు కాబట్టి. కాకులు, పిల్లలు, బండల యంత్రాలు మొదటి మాట కింద సరిపోయాయి. అత్త రెండో మాట కింద పడింది. దీనికి తడిగడ్డి సరిపోదని తెలుస్తూనే ఉంది. ఇంటికి వెళ్లాక నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాను.

రాత్రి బస గురించి చెప్పేంత ఏమీ లేదు. దోమలు.

మూడో రోజు: యాగంటి

అవుకు మీదుగా బనగానపల్లె చేరాను. మామిడికి పేరు తెచ్చిన ఊళ్లో చివరి కోత కాయలు రోడ్డు పక్కన గంపల్లో ఉన్నాయి. రెండు కిలోలు కొన్నాను. అది తప్పయింది.

ఎర్రమల కొండల ఒడిలో యాగంటి గుడి. కొండలోనుంచి వచ్చే నీరు నంది నోటి గుండా కోనేట్లో పడుతుంది, ఎండాకాలంలోనూ ఆగదు. లోపల ఉమామహేశ్వరులు ఒకే రాతిలో. మండపంలో బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని, ప్రదక్షిణకు చోటు చాలక ఒక స్తంభం తీసేశారని చెబుతారు. కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం మాట.

చెట్ల మీద, గోపురం మీద, కోనేటి గట్టు మీద వెతికాను. నిజమే, ఒక్క కాకీ కనిపించలేదు. కోతులు కనిపించాయి. ఆ వెంటనే నా మామిడికాయల సంచీ కనిపించలేదు. ఒక తల్లికోతి గోడ మీద కూర్చుని, బిడ్డకు పెట్టకుండా, టెంక దాకా చీకింది. అగస్త్యుడు శాపం పెట్టేటప్పుడు జాబితా సరిగ్గా రాసుకుని ఉంటే బాగుండేది.

కొండ మెట్లెక్కి అగస్త్యుడి గుహకు వెళ్లాను. నిటారు మెట్లు, లోపల దీపం, గబ్బిలాల వాసన. ఎంతకాలంగానో అనుకున్న చోటు. కూర్చున్నాను. శ్వాస సాగింది, ఒకటి, రెండు, ఆరు దాకా వచ్చాను. ఏడో అంకె దగ్గర మెట్ల మీద తెలిసిన గొంతు.

నంద్యాల అత్త ఆడపడుచు. వెనకాల కొడుకు, కోడలు, గుండు చేయించుకుని చందనం పూసుకున్న మనవడు. పుట్టువెంట్రుకలకు వచ్చినట్టున్నారు. నేను ఆడిట్‌లో ఉండవలసిన రోజు అది. దాక్కోవడానికి గుహలో ఇంకో గుహ లేదు. చేతనైన పని ఒకటే చేశాను, కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

"అరే, మన కర్నూలు అమ్మాయి కదూ!"

"పలకరించకమ్మా, ధ్యానంలో ఉంది."

"ఎంత నిశ్చలంగా ఉందో చూడరా. రెప్ప కూడా కదలడం లేదు. నేర్చుకోండి."

ఇరవై ఏళ్లలో నేను అంత కదలకుండా కూర్చున్నది లేదు. లోపల మాత్రం బసవన్న ఆ క్షణమే రంకె వేశాడు. వెళ్లిపోతారనుకున్నాను. వాళ్లు వెళ్లలేదు. నా ధ్యానం భంగం కాకూడదని గుసగుసలాడుతూ ఎదురుగా కూర్చున్నారు. ఎడమకాలు తిమ్మిరెక్కింది. ముక్కు మీద దురద. దురదను గోకకుండా చూస్తే దానంతట అదే పెరిగి, తిరిగి, పోతుందని అందరూ రాస్తారు. నిజమే, పోయింది. భక్తితో కాదు, భయంతో చూసినా పోతుందని ఆ రోజు తెలిసింది. చెవుల్లో గుండె చప్పుడు, అరచేతుల్లో చెమట, పొట్టలో ముడి. ఇవన్నీ నేను శ్రద్ధగా గమనించాను, గమనించడానికి వేరే దిక్కు లేదు కాబట్టి. పొట్టలోని ఆ ముడి కొత్తది కాదని గమనించింది కూడా అప్పుడే. ఎర్రగుడిలో ఉంది, గుత్తి లాడ్జిలో ఉంది, బేలుంలో ఉంది. ఇన్నాళ్లూ దాన్ని కాకుల పద్దులో రాశాను.

చివరికి పిల్లవాడు నా మోకాలు తట్టి, "ఆంటీ నిద్రపోయిందా?" అన్నాడు. కళ్లు తెరిచాను. పెద్దావిడ నా చేతులు పట్టుకుంది. "ఎంత పుణ్యమమ్మా! కింద నిన్ను దూరంనుంచి చూసినప్పుడే మీ అత్తకు ఫోన్ చేసి చెప్పాను. చాలా సంతోషపడింది."

కోనేటి గట్టున కూర్చుని నేనే ఫోన్ చేశాను.

"అత్తా..."

"ఆడిట్ అయిపోయిందా?"

నేను ఏమీ అనలేదు. నంది నోటినుంచి నీళ్లు పడుతున్న చప్పుడు ఆమెకు వినిపించే ఉంటుంది.

"నీళ్లు బాగా వస్తున్నాయా?"

"వస్తున్నాయి."

"కాకులు?"

"లేవత్తా."

"ఇక్కడ ఉన్నాయి. రేపు అన్నానికి రా."

నాలుగో రోజు: నంద్యాల

సాయంత్రం బస్సుకే బయల్దేరి రాత్రికి నంద్యాల చేరాను కాబట్టి నాలుగో రోజు అత్త ఇంట్లోనే తెల్లవారింది. ఒకప్పుడు యాగంటి, బేలుం, నంద్యాల అన్నీ కర్నూలు జిల్లాయే. 2022లో నంద్యాల వేరే జిల్లా అయింది. అత్త మాత్రం ఇంకా "మన జిల్లా" అనే అంటుంది.

రాత్రి సంగటి తింటూ చెప్పేశాను. "అబద్ధం చెప్పానత్తా. నిన్ను తీసుకెళ్తే ధ్యానం కుదరదనుకున్నాను."

"తెలుసు. మీ నాన్న అబద్ధం చెప్పేముందు దగ్గేవాడు. నువ్వూ దగ్గావు." అని ఇంకో ముద్ద వేసింది. తర్వాత అరగంట దాకా నాతో మాట్లాడలేదు. వంటిల్లు సర్దే చప్పుడు మాత్రం మామూలుకంటే పెద్దగా ఉంది. పడుకునేముందు, "అడగాలనుకున్నప్పుడే అనుకున్నాను, ముసలిదాన్ని ఎవరు తిప్పుతారులే అని" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమె దుప్పటి సర్ది, నేను కూడా పడుకున్నాను.

పొద్దున అయిదింటికి మిద్దె మీద చాప వేసుకున్నాను. అత్త మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చి పిట్టగోడ మీద రాత్రి మిగిలిన అన్నం ముద్దలు పెట్టి, "కావ్, కావ్" అని పిలిచింది. ఎక్కడెక్కడివో వచ్చి వాలాయి. కర్నూలు కాకులకంటే వీటి గొంతు పెద్దది, లేదా నాకే అలా అనిపించింది. ఒకటి, రెండు, మూడు. "శబ్దం." మళ్లీ ఒకటి. పొట్ట వదులుగా ఉంది. మనసు ఏమీ ఆగలేదు. సెలవు చీటీ మీదికి, కోతి తిన్న మామిడికాయల మీదికి, గ్యాసు మీదికి కూడా వెళ్లొచ్చింది. వెళ్లినచోట కాళ్లు బారజాపుకుని కూర్చోవడం లేదు, అంతే.

"ఎంతసేపు కూర్చుంటావు?" అంది అత్త.

"ఇరవై నిమిషాలు."

"కూర్చో. నేను మాట్లాడను." అని మాట్లాడుతూనే ఉంది. ఎదురింటివాళ్లు మేడ కడుతున్నారట. కుందూ నదికి నీళ్లొచ్చాయట. రేపు ఉదయానికి ఆటో మాట్లాడిందట, కోనేటి దాకా చాలట, గుహలు ఎక్కదట. ఆఫీసుకు ఇంకో రోజు సెలవు అడగాలి. ఈసారి దగ్గకుండా అడగాలి.

కళ్లు తెరిచేసరికి ఆమె చాప పక్కనున్న చింతగింజలను అరచేతిలో వేసుకుని చూస్తోంది.

"ఇవెందుకు తెచ్చావు?"

చెప్పాను. మనసు ఎన్నిసార్లు పారిపోయిందో లెక్కపెట్టడానికని.

"ఇరవైతో ఏం సరిపోతాయి?" అని కిందికి దిగి, వామనగుంటల పీట, పాత హార్లిక్స్ సీసా తెచ్చింది. సీసా నిండా గింజలు, ఆడీ ఆడీ నున్నబడి మెరుస్తున్నాయి. నా ఇరవై కూడా అందులో పోసి, ఒకసారి కలిపి, గుంటకు నాలుగు చొప్పున పంచడం మొదలుపెట్టింది.